దిగుడులో ఆపిన ఇంజను

"చేతకానప్పుడు చేతకాదని చెప్పాలి! మనుషుల ప్రాణాలతో చెలగాటమేంటక్కా?"

రత్నమాల గుమ్మంలో నిలబడి అరుస్తోంది. గుమ్మం బయట మెకానిక్ పుల్లయ్య భార్య ఓబులమ్మ తల వంచుకుని వింటోంది. లోపల మంచం మీద బుల్లిబాబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. భర్త నిద్రపోతున్నాడని రత్నమాల అనుకుంటోంది. నిద్రపోయే మనిషి వీపు అంత బిగుసుకుపోయి ఉండదని కూతురు నీహారికకు మాత్రం తెలిసిపోయింది.

శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరైంది. నిజాంపేటలో ఆ మేడ కింది రెండంతస్తులూ హాస్టలే. పిల్లలు కాలేజీలకు పోయారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి మెట్ల నిండా జనమే. రత్నమాలది గోదావరి గొంతు. ఆవిడ పాలకొల్లులో పిలిస్తే పక్క ఊళ్ళో పలికేవారని వాళ్ళ అన్నయ్య ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు.

"ముగ్గురు ఆడపిల్లలున్నారు ఆ బండిలో. లావణ్య గారనే అమ్మాయికి నుదురు బొప్పి కట్టింది. ఆ ఫ్లైఓవర్ గోడ అడ్డం లేకపోతే ఏమైపోయేవారు? మా ఆయనకేమైనా అయితే నేనూ నా కూతురూ ఎవరి గుమ్మంలో నిలబడాలి? మీ ఆయన బ్రేకులు బాగుచేసి ఇరవై రోజులు కాలేదు. కళ్ళు ఆనకపోతే షెడ్డు మూసుకోమనండి!"

"అమ్మా, ఇంక చాలు" అంది నీహారిక.

"నువ్వు నోర్ముయ్!"

ఓబులమ్మ చెయ్యెత్తి నీహారికను వారించింది. "అననీ తల్లీ. అనిపించుకుందామనే వచ్చినా."

ఆ మాటతో రత్నమాల దగ్గరున్న తిట్లు సగం అయిపోయాయి. ఎదురు తిరిగేవాళ్ళతో ఆవిడ సాయంత్రం దాకా పోట్లాడగలదు. ఇలా నిలబడి పడేవాళ్ళతో ఎలా పోట్లాడాలో ఎవరూ నేర్పలేదు.

"ఆయన్ను రమ్మంటే రాలా" అంది ఓబులమ్మ. "బుల్లిబాబుకు మొగం చూపించలేనన్నాడు. నువ్వు పోయి చెప్పు, తప్పయిపోయింది, పెద్ద మనసు చేసుకోమను అన్నాడు. బండి తెస్తే ఊరికే మళ్ళా చేసి పెడ్తాడంట. ఆయన మీద నమ్మకం లేక ఇంగొకరి కాడ చేయించుకున్నా ఏమీ అనుకోడంట."

మంచం మీద వీపు కదిలింది.

"మూడు దినాలాయ అన్నం ముట్టి. ఆ ఇరవై దినాల్లో చేసిన బండ్లన్నీ పిలిపించి, బ్రేకులు ఊడదీసి మళ్ళా చూస్తాండాడు. ముప్పై ఏండ్ల పని ఓబులా, నా చేతులకేమైందే, యాడ తప్పు చేసినానో కనపడ్డం లేదే అంటాడు. నేనేం చెప్పేది? ట్రావెల్స్ వాళ్ళు బండ్లు పంపేది నిలిపేసిరి. అది పోతే పోయింది. ఇంగ స్పానరే పట్టనంటాండాడు రత్నమ్మా. మధ్యాహ్నం సామాను కొనేవాళ్ళు వస్తారు. అమ్మేసి ప్రొద్దుటూరు పోతాం."

ఓబులమ్మ చీర కొంగు చాటునుంచి స్టీలు డబ్బా తీసి గడప పక్కన పెట్టింది.

"ఓళిగలు. మీ బొబ్బట్లే. పాప తింటాదని చేసినా."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాలి పట్టీల చప్పుడు కింద గేటు దాకా వినపడింది. రత్నమాల ఆ డబ్బా వంక చూస్తూ అలాగే నిలబడింది.

"నా నోటికి అదుపు లేదు" అంది చివరికి, కాస్త తగ్గి. "పెద్ద మనిషిని పట్టుకుని ఎన్నేసి మాటలన్నానో. ఏవండీ, విన్నారా? మీరొక్కసారి వెళ్ళి ఆయనకు ధైర్యం చెప్పి రండి. తప్పులు ఎవరికి జరగవు? పోనీలెండి, క్షమించేశామని చెప్పండి."

బుల్లిబాబు లేచి కూర్చున్నాడు. మూడు రోజుల గడ్డం. తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు.

"బ్రేకులు పోలేదు రత్నా."

"ఏంటి?"

"బ్రేకులు బాగానే ఉన్నాయి. నేనే ఇంజను ఆపేశాను."

రత్నమాలకు అర్థం కాలేదు. బుల్లిబాబు చెప్పడం మొదలుపెట్టాడు. అతని గొంతు అతనికే వినపడనంత చిన్నగా ఉంది.

నిజాంపేట, బాచుపల్లి నుంచి ఆఫీసు ఉద్యోగుల్ని ఎక్కించుకుని హైటెక్ సిటీలో దింపడం అతని డ్యూటీ. బండీ అతనిదే, డీజిల్ ఖర్చూ అతనిదే. డీజిల్ ధర పెరుగుతూ పోయింది గానీ ట్రావెల్స్ వాళ్ళు కిలోమీటరుకిచ్చే రేటు పెరగలేదు. ముందు తను దారిలో టిఫిను మానేశాడు. తర్వాత అద్దాలు దింపి ఏసీ తగ్గించి చూశాడు. అమ్మాయిలు ఫిర్యాదు చేస్తే మళ్ళీ వేశాడు. ఆ తర్వాత ఒకనాడు కొత్తగూడ ఫ్లైఓవర్ దిగుతుండగా అతనికి బుర్రలో వెలిగింది. ఎక్కేటప్పుడు సరే, దిగేటప్పుడు బండి దానంతటదే జారుతుంది కదా, అప్పుడు డీజిల్ తగలెయ్యడం దేనికి?

"రెండు నెలల నుంచీ ప్రతి దిగుడులోనూ ఆపుతున్నాను. అద్దాలు బిగించి, పాట పెట్టేస్తే వెనక కూర్చున్నవాళ్ళకు తెలీదు. బుధవారం కూడా అలాగే ఆపాను. ముందు ఆటో ఆగింది. బ్రేకు తొక్కాను, పట్టింది. మళ్ళీ తొక్కాను, కాస్త పట్టింది. మూడోసారి రాయిలా అయిపోయింది. స్టీరింగు తిరగలేదు. హ్యాండ్ బ్రేకు లాగి గోడకు రాసేశాను."

"మరి పుల్లయ్య గారి పేరెందుకు చెప్పారు?"

"నేను కావాలని చెప్పలేదే! సూపర్‌వైజర్ గారు ఫోనులో ఏమైందని అరుస్తుంటే, బ్రేకులు ఫెయిలయ్యాయండి అని నోటికొచ్చేసింది. ఎవరు చేశారు అన్నారు. పుల్లయ్యన్న అన్నాను. ఆయన చేసిన మాట నిజమే కదా!"

"ఎంత నిజం చెప్పారండీ! హరిశ్చంద్రుడు సిగ్గుపడాలి!"

రత్నమాల నెత్తి మీద కొట్టుకుంది. పోయిన వానాకాలం నీహారికకు డెంగ్యూ జ్వరం వస్తే ఐదు రోజులు దవాఖానలో మంచం పక్కన కూర్చున్నది ఓబులమ్మే. అలాంటి మనిషిని గుమ్మంలో నిలబెట్టి, మంచినీళ్ళయినా ఇవ్వకుండా దులిపేసింది. దులపాల్సిన మనిషి మంచం మీద పడుకుని విన్నాడు.

"మూడు రోజులు! ఆయన అన్నం మానేశాడని విని కూడా గోడ చూస్తూ పడుకున్నారా? ఛీ! అంత కక్కుర్తి ఎందుకొచ్చిందండీ మీకు?"

కక్కుర్తి అన్న మాటకు బుల్లిబాబు తలెత్తాడు. ఇంతసేపూ లేని కోపం వచ్చింది.

"కక్కుర్తా? మరి నువ్వు చేసేదేంటి? కుక్కరు రెండు కూతలు కూయగానే స్టవ్ ఆర్పేస్తావు. మిగతాది దాని ఆవిరికే ఉడుకుతుందంటావు. రాత్రికి వంటే లేదు, పొద్దుటిదే చల్లగా తింటున్నాం. సిలిండరు ఇంకో పది రోజులు రావాలని కదా! నువ్వు స్టవ్ ఆర్పావు, నేను ఇంజను ఆర్పాను. నీదైతే పొదుపు, నాదైతే కక్కుర్తీనా?"

నిజమే మరి. వంటింట్లో పెరిగిన పొదుపులన్నీ ఆవిడవే. కూరగాయల బండివాడు లారీ కిరాయి పెరిగిందంటూ వంకాయల్ని కూడా బంగారంలా తూస్తుంటే, పప్పుచారుతో నెట్టుకొస్తున్నదీ ఆవిడే.

"పప్పు ఉడక్కపోతే మనమే తింటామండీ" అంది నెమ్మదిగా. "మీ బండిలో ఎక్కేది వేరేవాళ్ళ పిల్లలు."

బుల్లిబాబు మళ్ళీ పడుకోబోతే రత్నమాల భుజం పట్టి ఆపింది.

"వెళ్ళి నిజం చెప్పండి."

"చెప్తే ఐడీ పోతుంది."

ఐడీ అంటే ఆ ఇంటి అన్నం. ఆ నెంబరు పనిచేస్తేనే బుల్లిబాబు ఫోనుకు డ్యూటీ వస్తుంది. బుధవారం నుంచి ఆపేశారు. బ్రేకుల లోపం, డ్రైవరు తప్పు లేదు అని తేలింది కాబట్టి సోమవారం మళ్ళీ తెరుస్తామన్నారు. ఇంజను ఆపాడని తెలిస్తే తెరవరు సరికదా, ఇంకే ట్రావెల్సూ అతన్ని దగ్గరకు రానివ్వదు.

"నోరు మూసుకుంటే సోమవారం నుంచి డ్యూటీ. నోరు తెరిస్తే రోడ్డు మీద పడతాం. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?"

ఎంత కోపమున్నా, అవును వెళ్ళి చెప్పండి అని రెండోసారి అనడానికి ఆవిడకూ నోరు రాలేదు. కూతురి పరీక్ష ఫీజు ఈ నెలలోనే. భార్యాభర్తలిద్దరూ చెరో గోడా చూస్తూ కూర్చున్నారు.

నీహారిక గడప దగ్గరి డబ్బా తీసి, మూత తెరవకుండానే తండ్రి పక్కన పెట్టింది.

"నాన్నా, నాకీ ఓళిగలు తినాలని లేదు."

అంతే అంది. పుస్తకాల సంచి భుజాన వేసుకుని కాలేజీకి బయల్దేరింది. షేరింగ్ ఆటో ఎక్కకుండా నడిచే వెళ్తోందని బుల్లిబాబు కిటికీలోంచి చూశాడు; మూడు వారాలుగా ఇంతేనని రత్నమాల చెబితే అతనికి ఆ రోజే తెలిసింది.

గంట తర్వాత బుల్లిబాబు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. రత్నమాల కూడా చీర మార్చుకుని చెప్పులేసుకుంది.

"నువ్వెక్కడికి?"

"మీతోనే. మీరు దారిలో మనసు మార్చుకునే రకం."

బస్సులో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి రత్నమాలకు ఎలాగూ టిక్కెట్టు ఖర్చు లేదు. బుల్లిబాబు టిక్కెట్టు తీసుకుంటుంటే, "మిమ్మల్ని నడిపించాల్సింది" అంది. అతను నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

*

కొండాపూర్‌లో పెద్ద పెద్ద అద్దాల మేడల వెనక ఒక ఖాళీ స్థలం ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు వదిలే ముందు ట్రావెల్స్ బండ్లన్నీ అక్కడే చేరతాయి. డ్రైవర్లు చంద్రమ్మ చాయ్ బండి చుట్టూ గుంపుగా నిలబడి ఉన్నారు. సూపర్‌వైజర్ ఉదయ్ భాస్కర్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోనులో ఎవరికో సర్దిచెబుతున్నాడు. అతనిది గుంటూరు. చెడ్డవాడు కాదు. పైవాళ్ళు అతని మీద అరిస్తే అతను కిందివాళ్ళ మీద అరుస్తాడు, అంతే.

"రావయ్యా బుల్లిబాబూ! నీ రిపోర్టు రాసేశాను. డ్రైవరు తప్పేమీ లేదని పెట్టాను. సోమవారం పొద్దున్నే డ్యూటీకి వచ్చెయ్. ఇంకేంటి?"

అంతా అయిపోయింది, రాసేశారు, దండం పెట్టి వెనక్కి తిరిగితే చాలు. వెనక రత్నమాల ఉంది.

"ఆ రిపోర్టు తప్పండి."

"ఏంటీ?"

"పుల్లయ్యన్న చేసిన బ్రేకులు బాగానే ఉన్నాయండి. ఫ్లైఓవర్ దిగుడులో నేనే ఇంజను ఆపేశానండి. డీజిల్ మిగులుతుందని. భయమేసి అబద్ధం చెప్పాను."

చాయ్ బండి దగ్గరి తలలన్నీ ఇటు తిరిగాయి. ఉదయ్ భాస్కర్ కుర్చీలోంచి లేచాడు.

"నీకు బుద్ధుందా? ఆడపిల్లలు బండిలో ఉండగా ఇంజను ఆపుతావా? ఎంత మిగిలిందయ్యా నీకు, మేడ కట్టావా?"

"రోజుకొక పాల ప్యాకెట్టంత మిగులుతుందండి."

"పాల ప్యాకెట్టు కోసం..."

"ఆ పాలు మా అమ్మాయి తాగిందండి" అంది రత్నమాల ముందుకొచ్చి. "నేనే కాచి ఇచ్చాను. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో అడగలేదు. నన్ను కూడా తిట్టండి."

ఉదయ్ భాస్కర్ ఆవిడ వైపు చూసి, ఏదో అనబోయి, ఫోను తీశాడు. "తిట్టేది లేదమ్మా. ఐడీ శాశ్వతంగా తీసేయడమే. నా చేతుల్లో ఏం లేదు."

"సార్, జర ఆగుండ్రి."

మాట్లాడింది ఐలయ్య. ఆ డ్రైవర్లందరిలో పెద్దవాడు, జనగామ వైపు మనిషి. చాయ్ కప్పు బండి మీద పెట్టి ముందుకొచ్చాడు.

"ఆయనది తీసేస్తే నాది గూడ తీసెయ్యుండ్రి."

"నీదెందుకు?"

"నేను గూడ బంజేస్త గద ఇంజన్. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ మీద. నాకొక్కనికే తెలుసు గీ ఉపాయం అనుకున్న."

బుల్లిబాబు నోరెళ్ళబెట్టాడు. వెనకనుంచి ఇంకొకడు మెల్లగా చెయ్యెత్తాడు. "నేను షేక్‌పేట దగ్గర సార్." పక్కవాడు అతన్ని చూసి తనూ ఎత్తాడు. సిగ్నల్ దగ్గర ఆపుతానని ఒకడు, సిగ్నల్‌కు అరకిలోమీటరు ముందునుంచే ఆపి జారుకుంటూ వస్తానని ఒకడు. ఉదయ్ భాస్కర్ మొదట్లో లెక్కపెట్టాడు, తర్వాత మానేశాడు. ఇంటి సంగతి బయట చెప్పుకోవడం నామోషీ అని ఎవరికి వాళ్ళు దాచుకున్న విద్య అది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుతూ చాయ్ తాగారు.

"అంటే రోజు మీరందరు సచ్చి బతికొచ్చి నా చాయ్ తాగుతుండ్రా?" అంది చంద్రమ్మ నోటిమీద చెయ్యేసుకుని. "గ్యాస్ పిరమైందని నేను కప్పు చిన్నగ జేసిన. నా కప్పుతోని ఎవ్వరు సావరు గదరా! పిల్లలు గలోళ్ళు, జర ఫికర్ లేదా?"

ఉదయ్ భాస్కర్ కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

"రేటు పెంచమని నేను కంపెనీకి మూడుసార్లు రాశానయ్యా. డ్రైవర్లు నడుపుతూనే ఉన్నారు కదా, ఎవరూ మానెయ్యలేదు కదా, ఇబ్బందేముంది అన్నారు. ఎలా నడుపుతున్నారో నాకేం తెలుసు? మీరెప్పుడైనా చెప్పారా?" అని, అందరి వంకా చూశాడు. "ఇంకో గంటలో ఆఫీసు పిల్లలు కిందికి దిగుతారు. వాళ్ళను ఎవరి బండి ఎక్కించమంటారో మీరే చెప్పండి."

ఆ ప్రశ్న అక్కడున్న ప్రతివాడికీ తగిలింది. ఐలయ్యకు ఇద్దరు కూతుళ్ళు.

"ఇయ్యాల ఇంజన్ బంజెయ్యం సార్" అన్నాడు చివరికి. "నా బిడ్డల మీద ఒట్టు. ఇగ రేపటి సంగతి మీరు జూడుండ్రి. నష్టానికి నడుపుడు ఎన్ని దినాలని?"

ఉదయ్ భాస్కర్ చాలాసేపు ఫోను వంక చూశాడు. తర్వాత జేబులో పెట్టుకున్నాడు.

"ఆ రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. బుల్లిబాబూ, సోమవారం పదిగంటలకు కంపెనీ వాళ్ళ ముందు నిలబడి ఇదే మాట చెప్పాలి. వీళ్ళు చేతులెత్తిన సంగతి నేను చెప్తాను. ఐడీ ఉంటుందని మాత్రం మాటివ్వలేను. వస్తావా?"

"ఆయ్. వస్తానండి."

ఆ మాట అనేసరికి బుల్లిబాబుకు గుండెల మీద బండ ఎవరో దించేసినట్టయింది. ఉద్యోగం ఊడేలా ఉంది, అయినా మూడు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది. చంద్రమ్మ పిలిచి రెండు చాయ్‌లిచ్చింది. ఈసారి పెద్ద కప్పులే.

"పుల్లయ్యకు నేనే చెప్తానుండు" అంటూ ఉదయ్ భాస్కర్ ఫోను చేశాడు. రెండుసార్లు చేశాడు. "స్విచాఫ్ వస్తోందే?"

రత్నమాల చాయ్ కప్పు అలాగే వదిలేసింది. "సామాను! కొనేవాడు వచ్చేస్తాడండీ! పదండి!"

నాలుగు నెలలుగా ఆటో ఎక్కని మనిషి, రోడ్డు మీదికి పరుగెత్తి తనే ఆటో ఆపింది. ఎంతని కూడా అడగలేదు.

*

బాచుపల్లి రోడ్డులో పుల్లయ్య షెడ్డు ముందు పట్టా పరిచి ఉంది. దాని మీద స్పానర్లు, జాకీలు, సుత్తులు వరసగా పేర్చి ఉన్నాయి. పాత సామాను వ్యాపారి ఒకడు గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. పుల్లయ్య స్టూలు మీద కూర్చుని, అమ్మేవి తన సామాన్లు కానట్టు, రోడ్డు వైపు చూస్తున్నాడు. బుల్లిబాబును చూడగానే లేచి నిలబడ్డాడు.

"వచ్చినావా తమ్ముడూ? నేనే రావాల్సింది. తప్పయిపోయింది..."

"అన్నా, ఆ మాటనకు!" బుల్లిబాబు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ తప్పేం లేదు. నేను ఇంజను ఆపేశాను. దిగుడులో. డీజిల్ కోసం. నీ బ్రేకులకేమీ కాలేదు."

పుల్లయ్య కదలకుండా విన్నాడు. షెడ్డు వెనక గదిలోంచి ఓబులమ్మ బయటికొచ్చింది.

"ఇంజన్ ఆపి ఎన్ని మార్లు తొక్కినావు?" అన్నాడు పుల్లయ్య.

"మూడు."

"మొదటి మారు పట్టిందా?"

"పట్టింది."

"రెండో మారు?"

"కొంచెం."

"మూడో మారు రాయి మాదిరి అయింది. స్టీరింగు బిగుసుకుంది. అంతేనా?"

"అంతే అన్నా."

"ఇంజన్ నడుస్తాంటేనే గదరా బ్రేకుకు బలం!" అన్నాడు పుల్లయ్య. అంటూనే స్టూలు మీద కూర్చుండిపోయాడు. తన చేతుల్ని ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ ముసలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓబులా! నా చేతులు బాగుండాయే. నేనేం తప్పు చేయలేదే."

ఓబులమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. వ్యాపారి ఏం జరుగుతోందో తెలియక చేతిలో జాకీతో అలాగే కూర్చున్నాడు.

పుల్లయ్య లేచి, ఆ జాకీ లాక్కుని పట్టా మీద పెట్టాడు. "అమ్మేది లేదు. పో సామీ, పో." తర్వాత బుల్లిబాబు దగ్గరికి వచ్చి, లాగి ఒక్కటిచ్చాడు. నల్లటి గ్రీజు మరక చెంప మీద అచ్చుపడింది.

బుల్లిబాబు చెంప పట్టుకోలేదు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి అతనికి. "ఇంకోటి కొట్టన్నా" అన్నాడు.

"ఒకటి చాల్లే. నాకు ఆకలైతాంది." పుల్లయ్య షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "సోమారం కంపెనీ కాడికి నేనూ వస్తా. బ్రేకు సంగతి నువ్వు చెప్తే నమ్మరు. మెకానిక్కు చెప్పాల. దిగుడులో ఇంజన్ ఆపితే ఏమైతాదో ఆ దొరలకు అర్థమయ్యేట్టు చెప్తా."

"ఐడీ పోతే అన్నా?"

"పోతే నా కాడికి రా. స్పానర్ పట్టుకో. బ్రేకంటే ఏందో నేర్పిస్తా, అప్పుడన్నా బుద్దొస్తాది."

ఓబులమ్మ లోపల్నుంచి రెండు కంచాల్లో సంగటి, పప్పు తెచ్చింది. ఒకటి భర్త ముందు పెట్టింది. ఇంకోటి బుల్లిబాబుకిచ్చింది. పుల్లయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే కళ్ళార్పకుండా చూసింది. రత్నమాల ఉన్న వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

రత్నమాల వాకిట్లోనే నిలబడి ఉంది. కాసేపు చూసి, తనే లోపలికి వెళ్ళి, గూట్లోంచి కంచం తెచ్చుకుని ఓబులమ్మ కాళ్ళ దగ్గర కింద కూర్చుంది.

"తప్పయిపోయిందక్కా."

"తప్పు నీ మొగునిది" అంది ఓబులమ్మ. "మాటలు నీవి."

రత్నమాల తలెత్తలేదు. ఓబులమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. పుల్లయ్య నమలడం ఆపి భార్య వంక చూశాడు. బుల్లిబాబు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

చాలాసేపటికి ఓబులమ్మ వంగి, ఒక సంగటి ముద్ద రత్నమాల కంచంలో వేసింది. గుంట చేసి పప్పు పోసింది.

"తిను. సోమారం పోయి చెప్పిరానీ నీ మొగుణ్ణి. అప్పటికి నా కోపం తగ్గుతాదో లేదో చూస్తా."

రత్నమాల ఏడుస్తూనే తినడం మొదలుపెట్టింది.